సున్నం బస్తాలు, తుప్పు నీళ్లు

గని మట్టి దిబ్బ కింద మాకున్నది ఒక్కటే మడి. వాన పడితే చాలు, దిబ్బలోంచి తుప్పు రంగు నీళ్లు కాలవ పట్టుకుని అందులోకి దిగేవి. వరి ఆకుల కొసలు మాడిపోయేవి. బడిలో సైన్సు చెప్పే నేను ఆ నీళ్లలో నీలి లిట్మస్ కాగితం ముంచాను. ఎర్రబడింది, అంటే నీళ్లలో ఆమ్లం ఉంది. గని ఆఫీసరు మాత్రం మా గట్టు మీద నిలబడి, "నీళ్లల్ల ఏం లేదమ్మా, మట్టి రంగే. అంత భయమైతే మడి అమ్ముకోరాదు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అమ్మ "అమ్మం" అని ఒక్క మాటనేసి కలుపు తీయడానికి మడిలోకి దిగింది.

ఆమ్లం కలిసిన నీళ్లకు సున్నం విరుగుడు. అది కలిస్తే కరిగున్న లోహాలు చాలావరకు అడుక్కి దిగుతాయి. క్రిస్మస్ ముందు ఇంటింటి నుంచీ సున్నం తెచ్చి చర్చికి వెల్ల వేయడం మా ఆనవాయితీ. ఈసారి ఆ సున్నం కాలవకు ఇమ్మని అడిగాను. పెద్దలు గొణిగారు. "క్రీస్తు పుట్టింది వెల్లేసిన ఇంట్ల కాదు," అని పాస్టరుగారు అనడంతో ఊరుకున్నారు.

తీరా అందరూ తెచ్చింది గోడకని కలిపిపెట్టిన సున్నం. తెల్లగా మెరవాలని నీలిమందు, చేతికి అంటకూడదని బంక కలపడం మాకు అలవాటు. ఆలోచించకుండా అదే కాలవలో పోశాం. బంకతో సున్నం రాళ్లకు పట్టి గట్టిపడింది, నీళ్లు నీలంగా మారి పైనుంచి జారిపోయాయి. "కాలువకు నీలి పెట్టినరా అమ్మా?" అని గనివాళ్లు నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాం.

ఈసారి ఏమీ కలపని సున్నపురాయి చితక్కొట్టాం. నీళ్లు వడకట్టడానికి రైసుమిల్లు ఊకను మట్టి కప్పి కాల్చి బొగ్గు చేశాం. రెండూ గోనెసంచుల్లో నింపి కాలవకు అడ్డంగా పేర్చాం. రాళ్లకు తుప్పు పట్టినప్పుడల్లా తీసి రుద్దాం. మడిలోకి వచ్చే నీళ్లు తేటపడ్డాయి. అవి తాగే నీళ్లు కావు, ఆ అబద్ధం నేనెవరికీ చెప్పలేదు. వరి మాత్రం కొసల దాకా పచ్చగా నిలిచింది.

సంచుల వెనక ఎర్రటి బురద పేరుకుంది. దాన్ని మా నేలలో ఎందుకు పూడ్చాలి? ట్రాక్టరుకెత్తి గని ఆఫీసుకు తీసుకెళ్లాం. ఆఫీసరు బయటికొచ్చాడు.

"ఏందిది?"

"మీ దిబ్బలదే సారూ," అంది అమ్మ. "ఏం లేదంటిరి గదా. మీ గులాబీ మొక్కలకు పోసిపోతం."

"అయ్యో, వద్దమ్మా. చెట్లు చస్తయ్."

"మరి మా వరి?"

ఆయన పనివాళ్లను పిలిచాడు. గేటు పక్కన టార్పాలిన్ పరిపించి బురదంతా దాని మీద దింపించుకున్నాడు. చర్చికి ఇంకా వెల్ల వేయలేదు. సంచుల వెనక బురద నిండినప్పుడల్లా ట్రాక్టరు ఆ గేటుకే పోతోంది. బండి మీద అమ్మ కూడా ఉంటుంది.