గడియ మీద చెయ్యి

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ అత్త గదిలోని పలక బండను కిందికి దింపించాను. అత్త అంటే నాయన చెల్లెలు, పోయి ఏడాది దాటింది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో చట్రాలకు రంగులు పూసేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, తర్లుపాడు దారిలోని గనిలో పనికిరాదని పడేసిన బండను తెప్పించుకుని, మిగిలిపోయిన రంగులతో దానిమీద ఒక బొమ్మ వేసింది. గుండ్లు చేయించుకున్న ఆడవాళ్ళు, నడిచి నడిచి కాళ్ళు వాచిపోయి, బౌద్ధ సన్యాసుల విహారం ముందు నిలబడి ఉంటారు. తలుపు సందులో, లోపలివైపు ఒక మనిషి, గడియ మీద చెయ్యి. ఆ మనిషికి ముఖం ఉండాల్సిన చోట నల్లటి మసి. దీపావళికి ఇల్లంతా దులిపినా ఆ బండను మాత్రం అత్త ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఆ గదిలోకి పోవాలంటే నాకు దడ. ఏ మూల నిలబడినా ఆ ఆడవాళ్ళ చూపులు తలుపును వదిలి నా మీదికే వచ్చేవి. అన్నం తినకపోతే ఆ ముద్ద బొమ్మలో వాళ్ళకు పెడతానని అత్త బెదిరించేది, నేను గబగబా మింగేసేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి, వాళ్ళను ఎందుకు రానివ్వడం లేదని అడిగాను.

"బుద్ధుణ్ణి పెంచిన తల్లి నేనూ సన్యాసుల్లో చేరతానని అడిగితేనే ఆయన మూడుసార్లు వద్దన్నాడంట. ఆఖరికి రానిచ్చినారులే. రానిచ్చినా, చేరి నూరేండ్లైన ముసల్ది గూడా నిన్న చేరిన మగ సన్యాసికి లేచి మొక్కాల్నంట."

"తలుపు కాడ ఎవరత్తా? నాయనా?"

"మీ నాయన పొమ్మనే చెప్పినాడు పాపా," అని అత్త కుంచె కడుక్కుంది.

అది నిజమే. అంతకు ముందు ఏడాది అత్తకు కర్నూలులో బొమ్మలు నేర్పే బడిలో సీటు వచ్చింది. నాయన సరేనన్నాడు. అమ్మ అప్పటికే లేదు. బయలుదేరే రోజు నాయన కంభం సంతకు పోయాడు. అత్త వాకిట్లో ముఖం కడుక్కుంటుంటే నేను లోపల గడియ పెట్టేశాను. ఆమె పెట్టె, కాగితాలు లోపలే ఉన్నాయి. మూడుసార్లు పిలిచింది. "నువ్వు పోతే నాకు జడెవరేస్తారు?" అని గడియ పట్టుకుని ఏడ్చాను. బస్సు వెళ్ళిపోయింది. తలుపు తీశాక ఆమె నన్ను కొట్టలేదు, కూర్చోబెట్టి జడ వేసింది. మర్నాటి బస్సుకూ వెళ్ళలేదు.

మొన్న తడిగుడ్డతో తుడిస్తే ఆ ముఖం మీది మసి వదిలి, నున్నటి నల్ల పలక తేలింది. మేకుతో గీసిన గీతలు తడిలో కనబడవు. ఆరేకొద్దీ తెల్లగా పైకి వచ్చాయి. ముందు జడ, తర్వాత కళ్ళు, చివరికి ఊడిన ముందు పన్ను. ఏడేళ్ళ నేను. మళ్ళీ తడిపాను, పోయింది. చూస్తుండగానే మళ్ళీ వచ్చింది.

"ఏందమ్మా, ఈ బండ ఏడ పెట్టాల?" అన్నాడు రంగుల మేస్త్రి.

నా మంచానికి ఎదురుగా పెట్టమన్నాను. అత్త ఇన్నేళ్ళూ ఒక్క మాట అనకుండా నన్ను మసి కింద దాచింది. ఇప్పుడు తలుపు తీయాలని ఉన్నా, కాలం నా చేతిని ఆ గడియ మీదే ఉంచేసింది.