సారబట్టి గోడకు సున్నం

ఎవలన్న దయ్యం పట్టిందని ఊగితే, రెండంటిస్తే దిగుతది అనే మనిషిని నేను. ఇప్పటికీ దయ్యాలను నమ్మ. కానీ కోరుట్ల అంచుల ఉన్న పాత సారబట్టిల నా చేతికి తగిలినదాన్ని ఏమనాల్నో తెలుస్తలేదు.

మా గౌండ్ల ఇండ్లల్ల సగం మంది ఒకప్పుడు ఆ బట్టిలనే పనిచేసిన్రు. అది బందైనప్పుడు మా బాపు, ఆయన అన్న, అంటే మా పెద్దబాపు, ఇద్దరు దుబాయ్ పోదామనుకున్నరు. సార కాసే ఆఖరి కాగు పొయ్యి మీదికెళ్లి దింపి వస్త అని పోయిన పెద్దబాపు, కాగు పేలి అక్కడనే కాలి సచ్చిపోయిండు. బాపు ఒక్కడే విమానమెక్కిండు.

తిరిగొచ్చినంక బాపుకు ఒకటే పట్టు. ఓనరు బట్టిని కూలగొట్టి దుకాణాలు కడ్తడట. సర్కారు దాన్ని పాత కట్టడమని గుర్తిస్తే ఇగ ఎవలు ముట్టరు. "మా అన్నయి గా గోడలే మిగిలినయి బిడ్డా" అనేటోడు. ఆయన వెంట జగిత్యాల ఆఫీసుల చుట్టు తిరిగి నా చెప్పులరిగినయి.

ఆఖరికి ఒక ఆఫీసరు చూడ వస్తనన్నడు. పెద్దమనిషి వస్తుంటే గోడలు మసితోని ఉంటే బాగుంటదా? పండుగకు ఇంటికి ఏసినట్టే సున్నం కలుపుకపోయి పొద్దటి నుంచి పూసినం, పిచ్చోళ్లం.

సున్నం తడి ఆరి తెల్లగ తేలేసరికి సగం దినం పడ్తది. ఆ కాగు పేలిన పొయ్యి గోడ మీద మాత్రం కుంచె ఎనకనే ఆరి పెచ్చులు లేస్తున్నది. అటు ఎండ రాదు. పొయ్యిల బూడిద సుత లేదు. చెయ్యి పెట్టి చూసిన. సుర్రుమన్నది, బొబ్బ లేచింది. భయమైంది, ఉన్నమాటే చెప్తున్న.

బాపును పిలిచిన. ఆయన అరచెయ్యి గోడకు ఆనిచ్చి అట్లనే నిలబడ్డడు. తియ్యమంటే తియ్యలే.

ఆఫీసరు వచ్చి తలకాయ కొట్టుకున్నడు. "పాతదనమంతా సున్నం కింద పెట్టేశారు కదమ్మా. కడిగించండి, నేను రాసి పంపుతాను" అన్నడు. ఇన్నేండ్లకు పని అయినట్టే.

బాపు చేతులు జోడించిండు. "వద్దు సార్. మా అన్న ఇంకా పొయ్యికాడనే ఉన్నడు. కూలగొట్టనియ్యిన్రి, ఇంటికొస్తడు."

కూలగొట్టిన దినం ఆ ఇటుకలు ముట్టి చూసిన. మామూలుగనే సల్లగున్నయి. ఆ గోడ ఎట్ల కాలిందో నాకు ఇప్పటికీ తెల్వది. ఆ పూట బాపు ఇంకో కంచం పెట్టమన్నడు. ఎవలికని అడగలే. అన్నం పెట్టిన.