గురమ్మ చెప్పిన జపాను సినిమా

అండమాన్ దీవుల్లోని గరాచర్మ బజారులో ఎండుచేపలు అమ్మే గురమ్మకు జపాను భాష వచ్చునన్న సంగతి కన్నకూతురు చిన్నమ్మికి కూడా తెలియదు. తెలిసినరోజున ఊరందరికీ ఒక్కసారే తెలిసింది. అదీ ఒక దయ్యాల సినిమా నడుస్తుండగా.

గురమ్మ పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టింది. తెల్లవాళ్ళ కాలంలో భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చిన జాలరి దానయ్య ఆమె తండ్రి. ఆ పిల్లకు పాలపళ్ళు ఊడే వయసులో యుద్ధం వచ్చి, జపానువాళ్ళు దీవులు పట్టుకున్నారు. బడిలో వాళ్ళ భాష నేర్పారు. బడి అయ్యాక తల్లితోపాటు చేపల బుట్ట మోసుకుని సిపాయిల వంటశాలకు వెళ్ళేది. అక్కడ మాటలు ఇంకాస్త పట్టుబడ్డాయి. అదే కాలంలో దానయ్యను విమానాల మైదానం చదును చేసే పనికి లాక్కుపోయారు. మనిషి తిరిగొచ్చాడు గాని నడుము మళ్ళీ నిలబడలేదు. జపానువాళ్ళు వెళ్ళిపోయాక గురమ్మ ఆ భాషలో ఒక్క ముక్క పలకలేదు. తండ్రి వింటే బాధపడతాడని మొదట మానేసింది. ఆయన పోయాక, మాట్లాడేందుకు మనిషీ లేడు, అవసరమూ లేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. ఓడలు కొత్త మనుషుల్ని దింపాయి. బెంగాలీలు వచ్చారు, తమిళులు వచ్చారు, శ్రీకాకుళం తీరం నుంచి ఇంకా జాలర్లు వచ్చారు. అడవి కొట్టి ఇళ్ళు వేసుకున్నారు. గురమ్మ పెళ్ళాడిన నూకన్న జ్వరంతో తొందరగానే పోయాడు. చేపలు ఎండబెట్టి, ప్రోతరాపూర్ దాకా బస్సులో తిరిగి అమ్మి, కూతుర్ని పెంచుకుంది. ఎవరి జోలికీ పోని మనిషని పేరు.

వీడియో సినిమాలు వచ్చిన కొత్తలో, కరెంటు ఆఫీసులో పనిచేసే గణేశ్వరరావు రేకుల షెడ్డులో ఒక టీవీ, ఒక వీసీఆర్ పెట్టి ఆదివారం మధ్యాహ్నాలు సినిమాలు వేసేవాడు. ఒకసారి ఓడలో పనిచేసే స్నేహితుడు అతనికి ఒక క్యాసెట్ ఇచ్చాడు. జపాను దయ్యాల సినిమా అట, చూస్తే వణుకు పుడుతుందట. గణేశ్వరరావు ఆ ముక్కే పలకమీద రాసి షెడ్డు బయట పెట్టాడు. బొమ్మ కింద అర్థం చెప్పే అక్షరాలు పడవని గాని, మాటలు ఎవరికీ తెలియవని గాని అతనికి తోచలేదు.

జనం కిక్కిరిసి కూర్చున్నారు. చిన్నమ్మి పోరుపెట్టి తల్లిని కూడా లాక్కొచ్చింది. సినిమా మొదలైంది. ఎవరో ముసలాయన గొంతు ఏదో చెప్పింది. తరువాత సముద్రం, పొగమంచు, చెక్క పడవలు. కాసేపటికే వెనక వరసలో ఈలలు లేచాయి.

"అరె భయ్యా, ఇదేటి పిక్చర్? ఒక్క ముక్క సమజ్ అవ్వట్లేదు. హిందీ ఫైటింగ్ పిక్చర్ పెట్టు" అని ఎవరో అరిచారు.

తెరమీద నల్లటి నీళ్ళలోంచి చేతులు పైకి లేచాయి. పాలిపోయిన చేతులు. పడవ అంచు పట్టుకుని ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంటున్నాయి.

"ముంత అడుగుతన్నారు" అంది గురమ్మ, తనలో తాను అనుకున్నట్టు.

"ఏటమ్మా?" అంది చిన్నమ్మి.

"హిషాకు అంటే కాడ ఉన్న ముంత. పడవలో నీళ్ళు తోడే ముంత. అది ఇమ్మంటన్నారు."

ముందు కూర్చున్న జాలరి అప్పలరాముడు వెనక్కి తిరిగాడు. "నీకెలా తెల్సు అత్తా?"

గురమ్మ చూపు తెరమీదే ఉంది. పడవలోని మనిషి అన్న తరువాతి మాటకు ఆమె పెదవులు మళ్ళీ కదిలాయి. "అడుగు ఉన్న ముంత ఇవ్వకండి, పడవ నింపేస్తారు అంటన్నాడు" అంది. ఈలలు ఆగిపోయాయి. గణేశ్వరరావు వీసీఆర్ ఆపి దగ్గరికి వచ్చాడు.

"దీదీ, ముందుకొచ్చి కూసో. మళ్ళీ మొదట్నుంచి పెడతాను. నువ్వు సెప్పు."

"నాకంతా రాదు బాబూ. సగం మాటలు మర్సిపోనాను."

"సగం సాలు. మాకు అదీ నేదు కదా."

అలా గురమ్మ టీవీ పక్కన స్టూలు మీద కూర్చుంది. మొదట్లో తడబడింది, ముసలాయన మాటలు చెప్పకుండానే దాటిపోయాయి. చేపలు కోసే చోట, బియ్యం కడిగే చోట పలికిన మాటలు ఒక్కొక్కటీ గొంతులోకి వచ్చాయి. రానివాటిని మనుషుల మొహాలు చూసి పోల్చుకుంది. షెడ్డులో ఆమె గొంతు, తెరమీద నీళ్ళ చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.

కథ ఇది. సముద్రపు ఒడ్డున ఒక జాలరి ఊరు. పడవల ఆసామి ఒకడు, వేటకు పోకూడని రోజుల్లో పేదవాళ్ళను బలవంతంగా సముద్రం మీదికి తీసుకుపోయాడు. పడవ మునిగింది. తేలిన ఒకే ఒక్క చెక్కను తాను పట్టుకుని, మిగతావాళ్ళ చేతులు తన్నేసి, ఒడ్డుకొచ్చి ఏడ్చాడు. అందర్నీ కాపాడబోయానన్నాడు. ఊరు నమ్మింది. అప్పట్నుంచి సముద్రంలో చేతులు లేస్తున్నాయి, ముంత అడుగుతున్నాయి. ఇవ్వకపోతే పడవను వదలవు. ఇస్తే దానితోనే నీళ్ళు పోసి ముంచేస్తాయి. అందుకని ఊరివాళ్ళు అడుగు తీసేసిన ముంతలు పడవలో పెట్టుకుని, అవే ఇస్తున్నారు. చచ్చినవాళ్ళు ఆ అడుగులేని ముంతలతో తెల్లవార్లూ తోడుతూనే ఉంటారు.

చనిపోయినవాళ్ళలో ఒకడి భార్య ఫుమి. రోజూ పొద్దున్నే ఆమె గడప దగ్గర చాప తడిసి ఉంటోంది, ఎవరో వచ్చి కూర్చుని పోయినట్టు. మాట లేదు, మనిషి లేడు. ఒకరోజు ఆ తడిలో, ఆసామి పట్టుకు తేలిన చెక్క తాలూకు పేడు కనిపించింది. దానిమీద గోళ్ళ గీతలు ఉన్నాయి. ఆమెకు అసలు సంగతి అర్థమైంది. ఆసామి పడవలో వంటమనిషిగా చేరింది. కూర్చుని ఒక్కొక్క ముంతకూ అడుగు బిగించింది. తరువాత పొగమంచులో చేతులు లేచినప్పుడు ఆసామి నిబ్బరంగా ముంత అందించాడు. అది నిండింది.

ఆ ముంత నిండిన చప్పుడుకు షెడ్డులో ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. సినిమా అయ్యాక అప్పలరాముడు గురమ్మ దగ్గరికొచ్చి, "అత్తా, నువ్వు సెప్తుంటే ఆ నీళ్ళు నా కాళ్ళకి తగిలినట్టే అయింది" అన్నాడు. అంత మెప్పు గురమ్మ ఎన్నడూ ఎరగదు. ఇంటికి నడుస్తుంటే చిన్నమ్మి తల్లి మొహంలోకే చూస్తూ వచ్చింది.

ఆ వారంలోనే అప్పలరాముడు వేకువన ఖాడీ, అంటే సముద్రపు పాయ, దాటుతూ, వానజల్లులో ఏదో గొంతు విన్నానని డోంగీ పడవను వెనక్కి తిప్పేశాడు. మధ్యాహ్నానికి వాడంతా అదే మాట. మరునాడు ఇంకెవరూ వేటకు కదల్లేదు. ఆ గొంతు ఎవరిదో కూడా తేల్చేసుకున్నారు. కిందటి వానాకాలంలో వేటకు పోయి తిరిగిరాని అసిరయ్యదట. అసిరయ్య భార్య కామమ్మ ఇంటి ముందు నుంచి పోవడం మానేశారు. ఆమె గడప తడిగా ఉందా అని తొంగిచూసినవాళ్ళూ ఉన్నారు.

గురమ్మ సంగతి విని నేరుగా కామమ్మ ఇంటికి వెళ్ళింది. కామమ్మ వల ముందు పెట్టుకుని కూర్చుంది గాని చెయ్యి కదలడం లేదు.

"అప్పా, నా పెనిమిటి ఎవుల్ని ముంచుతాడు? నీట్లో ఎవుడైనా తడబడితే ముందు దూకినోడు ఆడే" అంది. వల పక్కకి నెట్టి, "అడగాలంటే నన్నడగాల. ఊరోళ్ళనెందుకు అడుగుతాడు?" అంది.

గురమ్మకు ఆ పూట అన్నం సహించలేదు. తాను జనానికి కథ చెప్పింది. కథ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. దయ్యం ఒక్కటే వాళ్ళ చేతిలో పడింది. కథ పుట్టుక చెప్పాలంటే తండ్రి సంగతి కూడా చెప్పాలి, నలభై ఏళ్ళుగా తెరవని తలుపు తెరవాలి. సాయంత్రం గణేశ్వరరావు ఇంటికి పోయి, "రేపు జనాన్ని పిలు బాబూ. పిక్చర్ మొత్తం వద్దు, మొదట ఆ ముసలాడు మాటాడతాడే, అది పెట్టు బస్, సాలు" అంది.

జనం వచ్చారు. కామమ్మ కూడా వచ్చి తలుపు పక్కన నిలబడింది. ఎవరూ చోటివ్వకపోతే గురమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి తన స్టూలు మీద కూర్చోబెట్టింది. తాను నిలబడింది.

ముసలాయన గొంతు వినిపించింది. గురమ్మ ఆగి ఆగి అర్థం చెప్పింది. "ఈ మాట ఏ ఒక్కడూ రాసింది కాదంట. పడమటి సముద్రంలో వేటాడినోళ్ళు, తాతల కాడ్నించి పడవల మీద సెప్పుకున్నదంట. సచ్చినోళ్ళని మర్సిపోకుండా సెప్పుకున్నారంట."

టీవీ ఆపించి ఆమె తన కథ ఎత్తుకుంది. వంటశాలలో ఒకుడా అని ఒక వంటవాడు ఉండేవాడు. అతనూ జాలరే. దీవుల్లో అందరూ ఆకలికి మాడుతున్న ఆ రోజుల్లో, అడుగంటిన అన్నం మాడు ఆకులో చుట్టి ఆమె బుట్టలో పడేసేవాడు.

"మా అయ్య నడుం ఇరిసినోళ్ళూ ఆళ్ళే. నాకు మాడు దాసిపెట్టినోడూ ఆళ్ళలోనోడే. రెండూ నా కళ్ళతో సూసినాను" అంది గురమ్మ. "ఆడి అన్న సముద్రంలో పోయాడు. ఒకనాడు ముంత కడుగుతా కడుగుతా నాకీ కథ సెప్పాడు. నాకు బయమేసి, ఆళ్ళెందుకు ముంచుతారు అనడిగాను. ఆడేమన్నాడో తెల్సా? ఆళ్ళకి ముంచాలని నేదు. పడవలో నీళ్ళొస్తా ఉంటే తోడతా తోడతా పోయినోళ్ళు గదా. పోయినట్టు ఆళ్ళకి తెలవదు. ఇంకా తోడాలనే అనుకుంటారు. అందుకే ముంత అడుగుతారు. ఏ పడవ కనిపిస్తే అది తమ పడవే అనుకుంటారు. సీకట్లో నీళ్ళు లోపలికి పోస్తన్నామో, బయటికి పోస్తన్నామో ఆళ్ళకి తెలవదు. అన్నాడు, ఏడిసాడు."

కామమ్మ తల ఎత్తింది.

"అయితే ఆడికి తెలవదా అప్పా, పోయినట్టు?"

"ఆ వంటోడు అలాగన్నాడమ్మా. నిజమో కాదో నాకు తెలవదు."

"మరి ఎవులైనా సెప్పాల గదా" అంది కామమ్మ.

ఆమె అప్పలరాముడి వైపు తిరిగింది. "బాబూ, నన్నొకసారి ఆ గొంతిన్న సోటికి తీసుకెల్లు. నాను సెప్తాను."

ఆడవాళ్ళు వేట డోంగీ ఎక్కే అలవాటు ఆ రేవులో లేదు. అప్పలరాముడు నేల చూశాడు. గురమ్మ, "నానూ వస్తాను" అంది. అతను అందరివైపూ ఒకసారి చూసి, "ఠీక్ హై అత్తా. తెల్లారాక ఎల్దాం" అన్నాడు.

పొద్దున ఎండ నీళ్ళమీద పడుతుండగా బయలుదేరారు. ఒడ్డున జనం నిలబడ్డారు. ఖాడీ దాటి సముద్రం విశాలమైన చోట అప్పలరాముడు ఇంజను ఆపాడు. డోంగీ మెల్లగా ఊగుతోంది. కామమ్మ అంచు పట్టుకుని నిలబడింది. గురమ్మ ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది.

"మావా" అని పిలిచింది కామమ్మ. మళ్ళీ పిలిచింది. "మావా, ఇనుకో. పడవ పోయింది. నువ్వూ పోనావు. ఇంక తోడకు. సేతులు నొప్పెడతాయి. పిల్లలు తింటన్నారు, బడికెల్తన్నారు. నాను వలలు కుట్టుకుంటన్నాను. నువ్వింక పడుకో."

ఏ గొంతూ వినపడలేదు. నీళ్ళు డోంగీ పక్కన తడుతున్న చప్పుడే. అప్పలరాముడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కామమ్మ కూర్చుని, అంతవరకూ తన ఇంట్లో ఎన్నడూ ఏడవనంతగా ఏడ్చింది. గురమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ వంటవాడు కూడా తన అన్నకు ఈ మాట చెప్పుకోగలిగాడా అని ఆమెకు అనిపించింది. జపానువాళ్ళు దీవులు వదిలి వెళ్ళినరోజు అతను కనిపించలేదు. బతికి ఇల్లు చేరాడో లేదో ఆమెకు తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు అప్పలరాముడు అడక్కుండానే వల వేశాడు. కానాగంత చేపలు బాగానే పడ్డాయి. ఒడ్డు చేరగానే సగం కామమ్మ తట్టలో పోశాడు. మరునాడు డోంగీలన్నీ వేటకు కదిలాయి. కామమ్మ ఇంటి అరుగుమీద మళ్ళీ ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఎవరూ ఏమీ అననట్టే.

ఆ సినిమా చాలా ఆదివారాలు నడిచింది. ఆస్టినాబాద్ నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. గురమ్మ ప్రతిసారీ ముందు ఒకుడా మాట చెప్పి, ఆ తరువాతే కథ చెప్పేది. ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ వరస మార్చలేదు. చివరికి టేపు అరిగి, బొమ్మమీద తెల్లగీతలు పడి, మొహాలు కనిపించకుండా పోయాయి. అప్పుడు గణేశ్వరరావు ఒక చైనా కొట్లాటల సినిమా తెచ్చి, అలవాటుగా స్టూలు టీవీ పక్కన వేశాడు.

"దీదీ, రా."

"అది నాకు రాదు బాబూ" అంది గురమ్మ. చిన్నమ్మి పక్కన చాపమీద చోటు చేసుకుని కూర్చుంది. సగం సినిమా కాకముందే గోడకు చేరబడి నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.