మార్లా వాటా

ఒహాయోలో ఓ చిన్న ఊరి బడి వంటగదిలో మార్లా పనిచేసేది. నలభై దాటాక డ్వైట్‌ను పెళ్లాడి, ఆ ఏడు మొదటిసారి ఇద్దరి పేరా కలిపి ఒకే పన్ను రిటర్ను వేసింది. వాపసు వచ్చే డబ్బుతో తల్లి సమాధికి రాయి పెట్టించాలని ఆమె ఆశ.

పైసా రాలేదు. డ్వైట్ పాత బాకీ కింద మొత్తం జమ చేసుకున్నామని ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది.

"ఏం బాకీ?"

డ్వైట్ తల ఎత్తలేదు. "పిల్ల పోషణకని కోర్టు కట్టమన్నది. కట్టలేదు."

"ఏ పిల్ల?"

"నా కూతురు. కెంటకీలో వాళ్లమ్మ దగ్గరుంది. టెస్సా. పదకొండేళ్లు."

మార్లా కుర్చీలో కూలబడింది. డబ్బు సంగతే మర్చిపోయింది. పెళ్లికి ముందు, ఎవరినైనా తెచ్చి పెంచుకుందామని ఆమె అడిగితే, 'పిల్లల ధ్యాసే లేదు నాకు' అన్నాడతను. అతని మీద ప్రేమకొద్దీ 'నాకూ వద్దులే' అనేసి, ఆమె ఆ కోరికను కడుపులోనే దాచుకుంది.

రెండు రోజులు అన్నపానాలు లేవు. మూడోరోజు లైబ్రరీలో ఉచితంగా పన్ను లెక్కలు చూసే ఓపల్ అనే పెద్దావిడ దగ్గరికెళ్లి గొల్లుమంది.

"ఏడుద్దువుగాని తల్లీ, ముందు నీ వాటా అడుగు," అంది ఓపల్. "అప్పు అతనిది. నీ జీతంలో కోసిన పన్ను నీది. నష్టపోయిన భార్యనని ఫారం పెడితే నీ భాగం వెనక్కిస్తారు."

"నష్టపోయినదానికి ఫారం కూడా ఉందా?"

"డబ్బు నష్టానికేనమ్మా. కలిపి వేసినన్నాళ్లూ ఏటా పెట్టాలి."

"ఇక కలిపి వెయ్యనులెండి."

వేసవిలో ఆమె వాటా వచ్చింది. తల్లి సమాధి మీద రాయి నిలిచింది. ఆ వారమే డ్వైట్ తన బట్టలు ట్రక్కులోకెక్కించాడు.

"దాచాననేగా నీ కోపం?"

"దాచినందుకు కాదు. నాకూ పిల్లలొద్దని నా నోటితోనే అనిపించావు చూడు, అందుకు." అంది మార్లా. "ఆ పిల్ల దగ్గరికి వెళ్తావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్న మొహంతోనే వెళ్లు. దానికైనా తండ్రివి కా."

ట్రక్కు వీధి చివర ఎడమకు తిరిగింది. కెంటకీ దారి కుడివైపు. మార్లా గడప దగ్గరే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది, ఒక్కసారీ చూడని ఆ పిల్ల కోసం.