చదివినామని చెప్పిన ఉత్తరం

మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసి, "మామా, ఈ కంపెనీకి అప్లికేషన్‌తో పాటు కవరింగ్ లెటర్ కూడా రాయాల్నా? అయి ఎవరన్నా చదువుతారా?" అని అడిగింది. పదేళ్లుగా ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసు చూసుకుంటున్నాను. టీచర్ల అప్లికేషన్లన్నీ నా చేతుల మీదుగానే పోతాయి కాబట్టి ఇలాంటి సందేహాలకు మా ఇంట్లో నేనే పెద్ద దిక్కు. ఒకప్పుడైతే "ఎవరూ చదవరు, టైం దండగ" అని అరనిమిషంలో తేల్చేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం బస్సులో ఉన్నాను, మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేశాను. నిజానికి జమ్మలమడుగులో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ లెటర్లు మా స్కూలుకు రప్పించింది నేనే. ఏదో పట్నం స్కూలు ప్రకటనలో "బయోడేటాతో పాటు కవరింగ్ లెటర్ జతపరచగలరు" అన్న ముక్క చూసి, హుందాగా ఉంటుందని మా ప్రకటనలో కూడా చేర్చాను. మా స్కూలు యజమాని, అదే మా కరస్పాండెంటు, చదివి "బాగుందప్పా" అన్నాడు. మొదటి ఏడాది నాలుగు లెటర్లు చదివాను. నాలుగూ ఒకే జిరాక్స్ షాపులో పుట్టినట్టున్నాయి. అయిదోది చదవలేదు. ఆ తర్వాత ఎన్నడూ చదవలేదు, ప్రకటనలోంచి ఆ ముక్క తీసెయ్యనూ లేదు.

బయోడేటాను ఫైల్లో పెట్టి, లెటర్‌ను మాత్రం తిరగేసి, తెల్లవైపు పైకి వచ్చేట్టు నా బల్ల మీద అట్టకు క్లిప్పు పెట్టేవాణ్ణి. వన్‌సైడ్ పేపర్లు అంటాం వాటిని. సెలవు పెట్టిన టీచరు బదులు ఏ క్లాసుకు ఎవరు పోవాలో, స్కూలు బస్సు ఎందుకు ఆలస్యమైందో, ప్రిన్సిపాల్ మేడానికి పంపే చీటీలు, అన్నీ వాటి మీదే. కాగితం ఎట్లా వాడాలో నన్ను చూసి నేర్చుకోమని కరస్పాండెంటు మీటింగులో అందరి ముందూ అంటే, నేను తల వంచుకుని లోలోపల పొంగిపోయాను.

పోయిన ఎండాకాలం తెలుగు టీచరు పోస్టుకు ఇంటర్వ్యూలు పెట్టాం. ముందురోజు సాయంత్రం ఆఖరి అప్లికేషన్ పోస్టులో వచ్చింది. తొండూరు నుంచి ఒకామె. పులివెందులలో అయిదేళ్లు పాఠాలు చెప్పిన అనుభవం ఉంది, భర్త కువైట్‌లో డ్రైవరు. అలవాటు ప్రకారం లెటర్ అట్ట మీదికి పోయింది. మర్నాడు రమ్మని ఫోన్ చేశాను.

పొద్దున్నే ముద్దనూరు మీదుగా రెండు బస్సులు మారి, అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ముప్పై దాటిన మనిషి. నేను తాళం తీస్తుంటేనే లేచి నిలబడి, "సార్, నేను రాసిన లెటర్ చదివినారా?" అని అడిగింది.

పదేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లే లేరు. లేదనడానికి సిగ్గేసింది. "చదివినాం లేమ్మా. శానా బాగా రాసినావు," అన్నాను.

"మేడమూ, కరస్పాండెంట్ సారూ కూడా చదివినారా?"

"అందరం చదివినాం."

"అయితే సరే సార్. నాకదే భయంగా ఉండె," అని నవ్వి కూర్చుంది. ఏం భయమని నేను అడగలేదు. అడిగితే చదవలేదని బయటపడిపోతుంది కదా.

ఇంటర్వ్యూ గదిలో ఆమెకు ఎదురుగా ప్రిన్సిపాల్ మేడం, ఎడమవైపు కరస్పాండెంటు కూర్చున్నారు. మూలన నేను. కూలర్ బుర్రున తిరుగుతోంది. మేడం అడిగినవాటికి ఆమె చక్కగా జవాబులు చెప్పింది. ఏడో తరగతి పిల్లలకు పద్యం ఎట్లా మొదలుపెడతావంటే, ముందు అర్థం చెప్పను, నాలుగుసార్లు పాడిస్తాను అంది. ఆ జవాబు నాకు ఎంతో నచ్చింది. అంతలో కరస్పాండెంటు ఏదో అడిగాడు. ఆమె మేడం వైపే చూస్తూ కూర్చుంది. మళ్లీ అడిగాడు. అప్పుడు తిరిగి, "సార్?" అంది. మూడోసారి అడిగేటప్పటికి ఆయన గొంతులో చిరాకు వచ్చేసింది, ఆమె తడబడింది. మా కరస్పాండెంటు భూములున్న ఇంటి మనిషి. ఒక మాట రెండుసార్లు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

ఆమె బయటికి పోగానే, "ఏందప్పా ఈమె? మేడం అడిగితే గలగలా చెప్తాది, నేనడిగితే మొగం గూడా తిప్పదు. ఇంత పొగరు మనకొద్దు, పంపించేయ్," అన్నాడు. నేను పేర్ల జాబితాలో ఆమె పేరు ఎదురుగా అడ్డగీత కొట్టాను.

బయటికి వచ్చి, ఇంకెవరినో తీసుకున్నామని చెప్పాను. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి కదా, జాలేసింది. రాజుపాలెంలో ఒక స్కూలుకు తెలుగు టీచరు కావాలన్న సంగతి గుర్తొచ్చింది. అట్ట మీద పైనున్న కాగితం లాగి, సగానికి చింపి, కింది ముక్క మీద ఆ స్కూలు నంబరు రాసిచ్చాను. పెద్ద ఉపకారం చేస్తున్నట్టు, "నా పేరు చెప్పమ్మా," అని కూడా అన్నాను. ఆమె ఫోన్ చేసిందో లేదో నాకు తెలియదు. కనుక్కునే ముఖం లేదు.

ఆమె ఆ ముక్కను మడవబోయి ఆగింది. తిరగేసి చూసింది. అందరూ కంప్యూటర్‌లో కొట్టించి పంపితే, ఆమె చేత్తో రాసింది. గుండ్రటి అక్షరాలు, నల్ల సిరా.

"సార్, ఇది నా లెటరే."

నేను చెయ్యి చాచాను, ఎందుకో తెలియదు, తీసుకుని దాచేద్దామని కాబోలు. ఆమె ఇచ్చింది. అప్పుడు చదివాను. "నాకు చిన్నప్పటి నుంచి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి బాగా వినిపిస్తుంది. పిల్లలందరూ నాకు కుడివైపు ఉండేట్టు నిలబడి అయిదేళ్లు పాఠం చెప్పాను, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఇంటర్వ్యూలో దయచేసి నా కుడివైపు నుంచి మాట్లాడవలసిందిగా మనవి."

"సారు ఏదో అడుగుతాండాడని అర్థమైతానే ఉంది సార్," అందామె మెల్లగా. "మీరు చదివినామంటిరి కదా. తెలిసినోళ్లకు మళ్లీ చెప్తే సాకు చెప్పినట్టుంటాదని ఊరుకున్యా."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. నేను ఆ ముక్కను పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. కరస్పాండెంటు గది పది అడుగుల దూరంలో ఉంది. తలుపు తీసే ఉంది. లోపలికి పోయి, తప్పు నాది, ఈమె లెటర్ నేను చదవలేదు, ఇంకొక్కసారి పిలవండి అంటే సరిపోయేది. ఆయన మూర్ఖుడు కాదు, పిలిచేవాడే. కానీ అందరి ముందూ మెచ్చుకున్న నన్ను ఆయన ఇక ఏ కళ్లతో చూస్తాడా అన్నదే నా బుర్రలో తిరిగింది.

ఇంతలో ఆయనే లోపలి నుంచి కేకేశాడు. "ఎవరప్పా ఆడ? ఆమె ఇంకా పోలేదా?"

ఆమె కాగితం ముక్క కోసం చెయ్యి చాచింది. నేను ఇచ్చేశాను. ఆమె గేటు వైపు తిరిగింది.

"ఏం లేదు సార్," అన్నాను గట్టిగా. "ముద్దనూరు బస్సు ఎన్నింటికని అడుగుతాంటే చెప్తాండా."

ఆ మాట అన్నప్పుడు ఆమె ఎడమ చెవి నా వైపు ఉంది. విని ఉండదులే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.