వాలు చూసి ఆపేవాణ్ణి

మోటారు సైకిల్ చప్పుడు వినపడితే ఇళ్లలోంచి బయటికొచ్చి చూసే రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. పర్ణశాల దగ్గర పశువుల దవాఖానాలో కాంపౌండర్ని. కలెక్టరుకైనా అంత గర్వం ఉండేది కాదేమో. పల్లెలు తిరగాలి కదా అని మా పెద్దబావ తన పాత బండి ఇచ్చాడు. నడపడం నాలుగు రోజుల్లో వచ్చేసింది గానీ, కిక్కు కొట్టి స్టార్టు చేయడం రాలేదు. బావ కొడితే ఒక్క దెబ్బకు అందుకునేది, నేను కొడితే నా పిక్క వాచేది. పైగా ఒకచోట నిలబెడితే అది నాలుగుసార్లు దగ్గి ఆగిపోయేది. అందుకని ఎక్కడికెళ్లినా వాలు చూసి ఆపేవాణ్ణి. బయల్దేరేటప్పుడు ఎక్కి కూర్చుని, బండిని జారనిచ్చి, గేరు వేసి క్లచ్ వదిలేవాణ్ణి. కిరాయి గది కూడా మిట్ట మీదే వెతుక్కున్నాను (గాలి బాగా వస్తుందని మా డాక్టరుగారితో చెప్పాను. ఆయన నమ్మారు, పాపం).

ఆ ఎండాకాలం అమ్మ నా గది చూస్తానంది. చిన్నప్పుడు అడవిలో తునికి పండ్లు ఏరుకుని తిరిగిన మనిషి, పెళ్లయ్యాక ఇల్లూ పొలమూ తప్ప ఎరగదు. కారేపల్లిలో మా వాకిటి ముందు బండిని వాలు వైపు తిప్పి, దర్జాగా కూర్చుని, ఎక్కమన్నాను. ఒళ్లో మురుకుల డబ్బా పెట్టుకుని ఎక్కింది. మురుకులు నాకోసం చేసినవి.

ఇల్లెందు దాటాక అడవి మొదలైంది. అటూ ఇటూ చెట్లు, మధ్యలో మేము. అమ్మ వెనక నుంచి నా భుజం తట్టింది. "జర ఆపరా, తునికి పండ్లు రాలినయ్ చూడు." చూశాను. రోడ్డు పీట వేసినట్టు చదునుగా ఉంది. "ఈడ ఎలుగులు తిరుగుతయమ్మా" అన్నాను. ఆ చెట్టు కిందే ఒక ముసలాయన మేకలు కాస్తున్నాడు. "మరి గాయన్నేం జేస్తలేవా?" అంది. "ఆయన అలవాటైన మనిషి" అన్నాను. కొంత దూరం పోయాక ఒక వాగు వచ్చింది. కాళ్లు కడుక్కుంటానంది. ముందు ఎత్తు ఉంది. "జల్దీ పోవాలె, పర్ణశాల గుడి మూస్తరు" అన్నాను. అప్పటికి ఉదయం పదైనా కాలేదు.  ఆ తర్వాత అమ్మ వెనక్కి పోతున్న చెట్లను తల తిప్పి తిప్పి చూస్తుంటే అద్దంలో కనిపించింది. ఎన్నేళ్లకో అడవిలోకి వచ్చిన మనిషిని ఐదు నిమిషాలు దిగనివ్వలేకపోయానని మనసు చివుక్కుమంది. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

పాల్వంచ దాటాక రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని కోయ ఆడవాళ్లు నిలబడ్డారు. భూమి పండుగ రోజులు. మగవాళ్లు వేటకు వెళ్తే ఆడవాళ్లు దారిన పోయే బండ్లను ఆపి, పాట పాడి, పండుగకు ఏదో ఒకటి ఇచ్చేదాకా కదలనివ్వరు. చదును నేల మీద బ్రేకు వేశాను. బండి దగ్గి ఆగిపోయింది. నా పరువు కూడా దానితో పాటే.

అమ్మ దిగి మురుకుల డబ్బా వాళ్ల చేతిలో పెట్టేసింది (మొత్తం డబ్బా). వాళ్లు చెయ్యి పట్టి లాగితే కొంగు నడుముకు దోపుకుని వరుసలో కలిసి అడుగు వేసింది. అమ్మ ఆడడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ తర్వాత చెట్టు కింద కూర్చుని తునికి పండ్లు తింది. ఒక పెద్దావిడ కోయలో ఏదో అంటే అమ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరూ నవ్వుకున్నారు. నేను మాత్రం చెమటలు కక్కుతూ కిక్కు కొడుతూనే ఉన్నాను.

చివరికి అమ్మే లేచి వచ్చి, వెనక సీటు మీద చెయ్యి వేసి, "ఎక్కి కూసో" అంది. అందరూ కలిసి తోశారు. బండి అందుకుంది. అమ్మ పరుగెత్తుకొచ్చి ఎక్కి కూర్చుంది.

భద్రాచలం వంతెన మీద గోదావరి గాలికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. "నాకు కిక్కు కొట్టరాదమ్మా" అన్నాను.

"అవ్, కారేపల్లిల నువ్వు వాలు దిక్కు తిప్పినప్పుడే తెలిసింది" అంది.

"తెలిసి మరి ఆపమంటవేంది?"

"నేను తోస్త గదరా" అంది అమ్మ.

ఇప్పుడు నా బండికి బటన్ ఉంది, నొక్కితే చాలు. అమ్మ లేదు. ఎండాకాలంలో ఆ దారిన వెళ్తే చదునైన చోట, తునికి చెట్టు కనిపించిన ప్రతిచోటా ఆపి దిగుతాను. నాలుగు పండ్లు తిని, బటన్ నొక్కబోతూ ఒక్క క్షణం ఆగి వెనక్కి చూస్తాను. నాలో ఆ కాంపౌండరు ఇంకా ఉన్నాడు, ఎవరైనా వచ్చి తోస్తారేమోనని.