మా అత్త బొటనవేలు, నిలువుకోత చైను

మైపాడులో ఎవరు కొత్త కత్తిపీట కొన్నా ముందు మా అత్త దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆమె పదును మీద బొటనవేలు అడ్డంగా ఒకసారి రాసి, "తెగుద్ది" అనో "మొద్దు" అనో తేల్చేది. బతుకంతా చేపలు కోసి అమ్మిన మనిషి, ఆ మాటకు తిరుగులేదు. నేనేమో ఇల్లరికపు అల్లుణ్ణి. ఆ ఇంట్లో నా పలుకుబడి ఎంతంటే, నేను అన్నం పెడితే కుక్క కూడా ఒకసారి అత్త వైపు చూసి గానీ మూతి పెట్టేది కాదు.

తుఫానుకు మా వాకిట్లో వేపచెట్టు కూలింది. మామ సముద్రంలో పోయిన ఏడు, ఇంట్లో మూల కూర్చోమని పెద్దలు చెప్పినప్పుడు, అత్త కత్తిపీట తీసుకొచ్చి ఆ చెట్టు కింద వేసుకుని వ్యాపారం మొదలుపెట్టిందట. నా భార్య ఉయ్యాల ఊగింది కూడా దాని కొమ్మకే. చెట్టు పడిన రోజు అత్త అన్నం ముట్టలేదు. మర్నాడు లేచి తీర్పు చెప్పింది.

"ఇది పొయ్యిలోకి పోగూడదు. కొత్తింటికి గడప దీందే."

మేము పక్కనే కడుతున్న ఇంటికి అప్పటికి పునాది మాత్రమే లేచింది. చెట్టుకు కొమ్మలైనా కొట్టలేదు. ఆమె మాత్రం పంతులుగారి దగ్గరికి వెళ్ళి, ఎండాకాలంలో ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం పెట్టించుకుని, బోగోలులో ఉన్న చుట్టాలకు కూడా చెప్పేసింది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఇలాంటి వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

మొద్దు ఆరాక కోతమిల్లుకు తోలుదామన్నాను. "వాళ్ళు మార్చేస్తే? బంగారమైనా చెట్టయినా కళ్ళ ముందరే కరగాల" అంది. నా దగ్గర చైన్ రంపం ఉంది. సరుగుడు తోటల్లో కూలికి చెట్లు కోస్తాను గనక అది నా కూడు. కాకపోతే సరుగుడును ఎప్పుడూ అడ్డంగానే కోస్తాం. మొద్దును నిలువునా చీల్చి పలక తీయడం నాకూ కొత్తే.

నెల్లూరులో కొట్టాయన రెండు చైన్లు చూపించాడు. ఒకటి అడ్డకోతది, పళ్ళు ఏటవాలుగా, కొనలు సూదుల్లా ఉన్నాయి. రెండోది నిలువుకోతది, పళ్ళు ఉలి మూతిలా తిన్నగా ఉన్నాయి. పలక తీయాలంటే రెండోదే పట్టుకెళ్ళమన్నాడు. నేను బుద్ధిమంతుణ్ణి గనక రెండూ పట్టుకుని ఇంటికొచ్చాను. అత్తకు చూపించకుండా కొంటే ఆ తర్వాత ఏం జరిగినా నా నెత్తినే పడుతుంది.

అత్త రెండింటికీ వేలు రాసింది. "ఇది తెగుద్ది. ఇది మొద్దు. నీకు మొద్దుది అంటగట్టినాడు" అంది.

"అది నిలువుకోతకంట అత్తా, పళ్ళు అట్టనే ఉండాలంట."

"పదును లేంది ఏదయినా కోసిందా? పోయి ఇచ్చేసి రా."

ఇచ్చేసి వచ్చాను.

సూదిపళ్ళ చైను బిగించి కోత మొదలుపెట్టాను. రంపపు పొట్టు రాలాల్సిన చోట మైదాపిండి రాలింది. మిషను పొగ కక్కింది. గీత ఒక దారి, కోత ఒక దారి. మొదటి పలక ఒక కొసన ఇటుకంత మందం, రెండో కొసన అప్పడం. మొద్దులో చేవ ఉన్నదల్లా గడపంత పొడుగే, మిగతాదంతా తొర్ర. ఇంకో తప్పు కోతకు అందులో చోటు లేదు. అత్త ఆ అప్పడాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది. నాకు భయమూ వేసింది, కోపమూ వచ్చింది. మిషను ఆపేశాను.

"అత్తా, వంజరం ముక్కలు కోసే కత్తితోనే ఉప్పుచేప చీలుస్తావా?"

"ఎవురన్నా చీలుస్తారా? ముక్కకయితే సన్న పదునుండాల. ఉప్పుచేపని వెన్ను పట్టుకోని నిలువునా చీల్చాల, దానికి మందకత్తి గదా. సన్నకత్తి పెడితే ముల్లెక్కి పక్కకి..."

అక్కడ ఆగిపోయింది. మొద్దు వంక చూసింది. గీత వంక చూసింది.

"ఈ మాట ముందరే చెప్పొద్దా?"

"మొన్న చెప్పినా గదా!"

"నువ్వు చెప్పింది చైను సంగతి. చేప సంగతి యాడ చెప్పినావు?"

నేను సూదిపళ్ళ చైను విప్పేశాను.

మర్నాడు నాతో పాటు తనే బస్సెక్కి నెల్లూరు వచ్చింది. కొట్లో అడుగుపెడుతూనే, "అబ్బయ్యా, ఆ మొద్దు చైను తియ్యి. దానికంటే మొద్దుది ఉంటే అదే ఇయ్యి" అంది. కొట్టాయన నా మొహం చూశాడు. నేను సీలింగు ఫ్యాను చూశాను.

ఆ చైనుతో కోత నిదానంగా, గీత తప్పకుండా సాగింది. పొట్టు పీచులు పీచులుగా రాలింది. ఎర్రటి చేవతో గడప బయటపడ్డప్పుడు నేను గట్టిగా అరిచేశాను, సంతోషం పట్టలేక.

ముహూర్తం రోజు చుట్టాలంతా దిగారు. ఒక పెద్దావిడ, "గడపకి పసుపు పూయాల, ముత్తైదువులు ముందుకి రాండి" అని పిలిచింది. అత్త ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరిగి ఇసుక కుప్ప దగ్గర నిలబడింది. కొట్టాయన్ని హడలగొట్టిన మనిషి అలా ఒదిగి నిలబడడం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"తొలి పసుపు మా అత్త పూస్తాది. ఆమె పూయకుండా ఈ గడప లెయ్యదు" అన్నాను.

అందరూ నోళ్ళు తెరిచారు. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. నా భార్య పసుపు గిన్నె తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

అత్త వచ్చి గడప ముందు కూలబడింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పూసింది. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు తొందరపెట్టారు.

"ఉండు సామీ, ఇంకా అయిపోలా" అని, గోడలోకి పోయే కొసలకు కూడా పూస్తూ కూర్చుంది.